కొబ్బరి మొదట్లో బంక: మా తోటలో ఆగిన తీరు

కోనసీమలో మాది అరెకరం కొబ్బరి తోట. రెండేళ్ల కిందట గట్టు పక్క చెట్టు మొదట్లో ఎర్రగా బంక కారింది, మట్టలు వాలిపోయాయి. వానలకి బోదె దగ్గర పుట్టగొడుగు కూడా లేచింది. అంటే గానోడెర్మానే, చెట్టు మొదలును కుళ్లబెట్టే శిలీంధ్ర తెగులు. ఉప్పు, యూరియా, వేరుకి మందు కట్టడం అన్నీ అయ్యాయి. చెట్టు పోయింది, పక్క చెట్టుకీ బంక మొదలైంది.

ఈసారి చేసింది ఇదీ. ముందు చచ్చిన చెట్టును వేళ్లతో సహా తవ్వించి కాల్చేశాను. బంక కారే చెట్టు చుట్టూ కందకం తీయించాను. పాదు నుంచి పాదుకి నీళ్లు పారకుండా గట్లు కట్టాను (నా లెక్కలో సగం పని ఇదే). తర్వాత, బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మేలు బూజు) పొడి 2 కిలోలు కలిపి నీడలో కుప్ప వేశాను. తడి గోనెలు కప్పి, చేతికి తేమ తగిలేలా రోజూ నీళ్లు చిలకరించాను. పదో రోజుకి పచ్చటి బూజు పట్టింది. అది చూశాకే వేయాలి. పచ్చి పేడ వాడితే కుప్ప వేడెక్కి బూజు పట్టదు, మొదటిసారి నాకు అదే జరిగింది.

పాదు తడిగా ఉన్నప్పుడు వేసి మట్టి కప్పాను. ఆరు నెలలకోసారి వేస్తున్నాను. బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పోసిన పాదులో వెంటనే వేయకండి, ఈ బూజునీ చంపేస్తుంది.

బంక ఆగింది, కొత్త చెట్లకి రాలేదు. మా నేల ఒండ్రు. ఇసుక నేలల్లో ఎలా ఉంటుందో చెప్పలేను. మొవ్వు వాలిపోయిన చెట్టు మాత్రం దీనితో కోలుకోదు.