కొత్త గేమ్ బాక్స్ వచ్చింది, బొమ్మ మాత్రం మారలేదు: సమస్యలు, పరిష్కారాలు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర కొన్నా, విశాఖ వెళ్లి తెచ్చుకున్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, గేమ్ బాక్సు (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటిది) ఇంటికొచ్చిన సాయంత్రం నాకు వచ్చే ఫోన్ ఒకటే. "బావా, ఇంత డబ్బు పోశాను, బొమ్మ పాతదానిలాగే ఉంది. బాక్సు పోయిందంటావా?"

చాలాసార్లు బాక్సుకి ఏమీ కాదు. ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా ఉంటే ధార సన్నగానే వస్తుంది. గేమ్, బాక్సు, కేబుల్, టీవీ వెనకున్న పోర్టు, టీవీ ప్యానెల్, మీరు కూర్చునే దూరం. వీటిలో ఏది తక్కువైతే బొమ్మ అక్కడితో ఆగిపోతుంది. పైసా ఖర్చు కాని చోట మొదలుపెట్టి చూసుకుంటూ వెళ్లండి. కొత్తది కొనడం ఆఖరి సంగతి.

బాక్సు మారింది, బొమ్మ మారలేదు

ముందు టీవీలో బొమ్మ గీసే చుక్కలు (పిక్సెల్స్) ఎన్ని ఉన్నాయో చూడాలి. అంగుళాలు తర్వాత. మన ఇళ్లలో ఉన్న 32 అంగుళాల టీవీల్లో చాలావాటి అట్టపెట్టె మీద 'హెచ్‌డీ రెడీ' అని ఉంటుంది. అంటే ఎక్కువగా అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అయితే 1920, 1080. 4కె అయితే 3840, 2160. హెచ్‌డీ రెడీ టీవీకి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) తగిలిస్తే, బాక్సు ఎంత అందంగా గీసి పంపినా టీవీ తన దగ్గరున్న చుక్కల్లోకి కుదించే చూపిస్తుంది. గేమ్ త్వరగా లోడ్ అవుతుంది, కదలిక సాఫీగా ఉంటుంది, అంతే.

రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే కనిపించే 1080 చూసి మోసపోవద్దు. అది బాక్సు పంపుతున్న సిగ్నల్, టీవీ సత్తా కాదు. టీవీ వెనక స్టిక్కరు మీదున్న మోడల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి, 'రిజల్యూషన్' అన్న వరస చూడండి. ఇది తిరగేసి కూడా జరుగుతుంది. కొత్తగా 4కె టీవీ కొని, దానికి పాత పీఎస్4 గానీ పీఎస్4 స్లిమ్ గానీ పెడతారు. అవి 1080పీ (ఫుల్ హెచ్‌డీ) దాటి పంపలేవు. పీఎస్4ల్లో 4కె పంపేది పీఎస్4 ప్రో.

రెండో కారణం దూరం. ఇది ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర వీధి గది నుంచి పెరటి దాకా పొడుగ్గా ఉండే ఇళ్లు ఎక్కువ. టీవీ ఒక గోడకి, సోఫా ఎదురు గోడకి. టేపు పెట్టి కొలవండి. మామూలు చూపున్నవారు 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో చుక్కల్ని విడిగా గుర్తుపట్టగలిగేది సుమారు 5.5 అడుగుల వరకే. 55 అంగుళాలకి 7 అడుగుల వరకు. అంతకంటే వెనక్కి జరిగితే అదే సైజులో 4కె పెట్టినా సన్నదనంలో తేడా కంటికి అందదు. పది అడుగుల అవతల కూర్చుని 43 అంగుళాల 4కె కొనేవారు నిజానికి రంగులకి డబ్బు కడుతున్నారు, 4కెకి కాదు. పరిష్కారం రెండే: పెద్ద టీవీ, లేదా ఆడేటప్పుడు కుర్చీ ముందుకి లాక్కోవడం. రెండోది ఉచితం.

ఇక ఏ బాక్సు? ఫుల్ హెచ్‌డీ టీవీ ఉండి, దాన్ని ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేకపోతే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చాలు. అది 1440పీ, అంటే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ మధ్య స్థాయి, లక్ష్యంగా చేసిన యంత్రం. కానీ దానికి డిస్క్ పెట్టే చోటు లేదు. గేమ్ ఆడేసి డిస్కు అమ్మేయడం, స్నేహితుడితో మార్చుకోవడం అలవాటున్నవారికి అది పెద్ద లోటు. పీఎస్5 డిజిటల్ ఎడిషన్ సంగతీ అంతే. 2023లో వచ్చిన స్లిమ్ మోడల్ అయితే డిస్క్ డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు. డిస్కు లేకపోతే అంతా నెట్ మీదే దిగాలి. 100 జీబీ గేమ్ 40 ఎంబీపీఎస్ లైను మీద, మధ్యలో ఎక్కడా తగ్గకపోతే, ఐదున్నర గంటలు పడుతుంది. రాజాం వైపో పాలకొండ వైపో పల్లెలో ఉండి మొబైల్ డేటా మీద నడిపేవారు డిస్కున్న మోడలే తీసుకోండి, వేరే ఆలోచన వద్దు.

4కె టీవీయే, అయినా హెచ్‌డీఆర్ రావడం లేదు

హెచ్‌డీఆర్ అంటే వెలుగునీ చీకటినీ, రంగుల్నీ మామూలు కంటే ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి. ఫోన్ టార్చి వేసి టీవీ వెనక్కి వంగి చూడండి. హెచ్‌డీఎంఐ పోర్టులు (బాక్సు నుంచి వచ్చే తీగ గుచ్చే చోట్లు) మూడో నాలుగో ఉంటాయి, అన్నీ ఒకలాంటివి కావు. ఒకదాని పక్కన 'ఏఆర్‌సీ' అనో 'ఈ-ఏఆర్‌సీ' అనో ఉంటుంది. అది సౌండ్‌బార్‌కి. ఖరీదైన టీవీల్లో ఒకటో రెండో పోర్టుల దగ్గర '4కె 120 హెర్ట్జ్' అని సన్న అక్షరాలు ఉంటాయి, అంటే సెకనుకి 120 సార్లు మారే బొమ్మని తీసుకోగలదని. కొన్ని టీవీల్లో ఆ రెండు గుర్తులూ ఒకే పోర్టు మీద పడతాయి, అక్కడ సౌండ్‌బారా గేమా అన్నది మీరే తేల్చుకోవాలి. తీరా చూస్తే మంచి పోర్టులో కేబుల్ సెట్‌టాప్ బాక్సో ఫైబర్‌నెట్ బాక్సో ఉంటుంది, ఎందుకంటే అదే ముందొచ్చింది. దాన్ని పక్క పోర్టుకి మార్చండి. చానెళ్లకి ఏ పోర్టయినా ఒకటే.

పోర్టు సరైనదే అయినా టీవీ సెట్టింగ్స్‌లో దాన్ని తెరవాలి. చాలా టీవీలు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు పోర్టుల్ని పాత పద్ధతిలోనే ఉంచుతాయి. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ డీప్ కలర్', సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' కింద 'ఎన్‌హాన్స్‌డ్'. ఆ పోర్టుకి అది ఆన్ చేసి, పీఎస్5 సెట్టింగ్స్‌లో 'స్క్రీన్ అండ్ వీడియో' కింద వీడియో అవుట్‌పుట్ సమాచారం తెరవండి. రిజల్యూషన్ 3840, 2160 ఉండి, రంగుల వరసలో 4:2:0 (రంగుల వివరం తగ్గించి పంపడం) కనిపించి, హెచ్‌డీఆర్ లేదంటే పోర్టు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదన్నమాట.

120 హెర్ట్జ్ మీద ఆశ పెట్టుకున్నవారికి ఒక మాట. షాపులో 'మోషన్ రేట్ 120' అనో ఇంకా పెద్ద అంకెతోనో కార్డు పెడతారు. అది ప్యానెల్ వేగం కాదు. 'ప్యానెల్ రిఫ్రెష్ రేట్ ఎంత?' అని అడగండి. 60 అంటే 60. అంతమాత్రాన ఆ టీవీ పనికిరానిదేం కాదు, ఎక్కువ గేమ్‌లు సెకనుకి 30, 60 ఫ్రేముల్లోనే నడుస్తాయి. పోటీ షూటింగ్ గేమ్‌లు ఆడే పిల్లలకైతే 120 నిజంగా తేడా చూపిస్తుంది.

మధ్యమధ్యలో తెర నల్లబడుతుంది, మిణుగురుల్లా చుక్కలు

అనుమానించాల్సింది కేబుల్‌ని. 4కె 60 హెర్ట్జ్‌కి 18 జీబీపీఎస్ (సెకనుకి ఎంత డేటా వెళ్తుందన్న లెక్క) మోసే కేబుల్ కావాలి, 120కి 48 జీబీపీఎస్ రకం. దాని పెట్టె మీద 'అల్ట్రా హై స్పీడ్' అన్న లేబులు, స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉంటాయి. బంగారు పూతకి, తాడులాంటి అల్లికకి అదనంగా ఇచ్చే డబ్బు దండగ. పీఎస్5 పెట్టెలోనే మంచి కేబుల్ వస్తుంది. దాన్ని అట్టపెట్టెలో వదిలేసి పాత సెట్‌టాప్ బాక్సు తీగ వాడేవారున్నారు, టీవీ వెనక అది ముందే వేలాడుతుంది కదా!

ఇల్లు కడుతూ గోడలో పది మీటర్ల కేబుల్ పాతేసిన చోట ఈ జబ్బు ఎక్కువ. మామూలు రాగి తీగ 48 జీబీపీఎస్‌ని మూడు మీటర్లు దాటాక నమ్మకంగా మోయకపోవచ్చు. దూరం తప్పకపోతే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేయాలి. దానికి ఏ కొస బాక్సుకి, ఏ కొస టీవీకి అని రాసి ఉంటుంది, తిరగేస్తే పనిచేయదు. ఫాల్స్ సీలింగ్ మూసే ముందే వెడల్పు పైపు, లోపల లాగుడు తాడు వేయించుకోండి.

సెట్టింగ్ మార్చగానే తెర పూర్తిగా నల్లబడి తిరిగి రాకపోతే టెన్షన్ పడొద్దు. పీఎస్5ని పూర్తిగా ఆపి, పవర్ బటన్ నొక్కిపట్టండి. సుమారు 7 సెకన్లకి రెండో బీప్ వినగానే వదిలితే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ తీగతో కలిపి, అక్కడ రిజల్యూషన్ మార్చుకోవచ్చు.

చీకటి సీన్లో ఏమీ కనపడదు, లేదా అంతా వెలిసిపోయినట్టు ఉంది

బాక్సు పంపే నలుపు స్థాయి, టీవీ అనుకునే నలుపు స్థాయి కలవకపోతే ఇలా అవుతుంది. బాక్సులో 'ఆర్‌జీబీ రేంజ్', టీవీలో 'బ్లాక్ లెవెల్' రెండూ ఆటోమేటిక్‌లో పెట్టండి. కుదరకపోతే రెండిటినీ ఒకే రకంలో, అంటే రెండూ లిమిటెడ్ లేదా రెండూ ఫుల్ చేయండి.

హెచ్‌డీఆర్ వేశాకే మసకబారితే కారణం వేరు. తక్కువ ధర టీవీలు హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటాయి కానీ దానికి తగ్గ వెలుతురు వాటి ప్యానెల్‌లో ఉండదు. అలాంటి టీవీలో పీఎస్5 హెచ్‌డీఆర్‌ని 'సపోర్ట్ ఉన్నప్పుడే' అని పెట్టండి, నచ్చకపోతే మానేయండి. హెచ్‌డీఆర్ లేని మంచి బొమ్మ, పేరుకి ఉన్న హెచ్‌డీఆర్ కంటే నయం.

బటన్ నొక్కాక మనిషి ఆలస్యంగా దూకుతున్నాడు

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అంతే. బొమ్మకి మెరుగులు దిద్దే పనులు చాలావరకు ఆగి, ఆలస్యం తగ్గుతుంది.

అంచుల్లో స్కోరు, మ్యాపు తెగిపోతున్నాయి

టీవీ బొమ్మని కొద్దిగా సాగదీస్తోంది. శాంసంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్', ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్' పెట్టండి.

గేమ్ అద్దంలా ఉంది, సినిమా మసకగా ఉంది

ఇక్కడ బాక్సుదీ టీవీదీ తప్పు లేదు. నెట్‌ఫ్లిక్స్ 4కె కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, లైను కనీసం 15 ఎంబీపీఎస్ రావాలి. ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. రూటర్ వీధి తలుపు దగ్గర, టీవీ లోపలి గదిలో ఉంటే వైఫై అంత వేగం అందించకపోవచ్చు. ఇరవై మీటర్ల ల్యాన్ తీగ లాగితే గొడవ తీరిపోతుంది. సిరిమానోత్సవం నాడు లోకల్ చానెల్ లైవ్ పాత ఎస్‌డీలో వస్తే ఏ 4కె టీవీ అయినా దాన్ని సాగదీసే చూపిస్తుంది. టీవీ పెద్దదయ్యేకొద్దీ అది ఇంకా మసకగా కనిపిస్తుంది కూడా.

4కె బ్లూరే డిస్కులు ఆడాలంటే ఈ తరం బాక్సుల్లో డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 గానీ, డ్రైవ్ ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ కావాలి. పీఎస్4 ప్రో 4కె గేమ్ చూపిస్తుంది కానీ 4కె బ్లూరే ఆడదు.

ముట్టుకుంటే జివ్వుమంటోంది, పోర్టు పనిచేయడం మానేసింది

టీవీలు, గేమ్ బాక్సులు చాలావరకు రెండు పిన్నుల ప్లగ్గువే. వాటి ఇనుప భాగాల్లో కొద్దిగా లీకేజీ ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి ఎర్త్ ఉండదు. దానికితోడు వీధిలో స్తంభాల మీంచి వచ్చే కేబుల్ టీవీ తీగ బయటి పొరలో ఎక్కడిదో కరెంటు ఉండొచ్చు. అన్నీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఆ రవ్వకే పోర్టు చిప్పు పోతుంది.

పరిష్కారం: హెచ్‌డీఎంఐ తీసినా పెట్టినా ముందు టీవీ, బాక్సు, సౌండ్‌బార్ ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. కేబుల్ టీవీ తీగ అన్నిటికంటే చివర తగిలించండి. ఇంట్లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. జివ్వుమనడం గట్టిగా ఉంటే అది చూపించేదాకా వాడకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజులు చూసినవారికి చెప్పక్కర్లేదు, కరెంటు పోవడం కంటే తిరిగొచ్చే ఘడియే ప్రమాదం. గాలి మొదలవగానే ప్లగ్గులతోపాటు కేబుల్ తీగ, ల్యాన్ తీగ కూడా పీకండి. పిడుగు ఆ దారిలోనూ వస్తుంది.

కళింగపట్నం, బారువలాంటి చోట్ల ఉప్పుగాలి ఇంకో తలనొప్పి. పోర్టు లోపల పచ్చటి చిలుము పడుతుంది. బొమ్మ వచ్చి పోతూ, తీగ కదిపితే మళ్లీ వస్తుందంటే అదే. ప్లగ్గులు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. పిన్ను వంగితే మీరు లాగకండి, బోర్డు మీద పోర్టు మార్చే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

సెకండ్ హ్యాండ్ బాక్సు కొనేటప్పుడు తేడా పడకుండా

అమ్మేవారి ఇంటి టీవీలో చూసి డబ్బు ఇవ్వకండి. వీలైతే మీ టీవీకి తగిలించి చూడండి. వీడియో అవుట్‌పుట్ సమాచారంలో మీ టీవీ రిజల్యూషన్ అంకె వస్తోందా, తీగ కొద్దిగా కదిపితే బొమ్మ పోతోందా, డిస్కు వేస్తే చదివి బయటకి నెడుతోందా చూడండి. అరగంట ఏదైనా బరువైన గేమ్ నడపండి. ఫ్యాను హోరెత్తి, బాక్సు వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వస్తే లోపల దుమ్మో, ఎండిపోయిన థర్మల్ పేస్టో (చిప్పు వేడిని లాగే పూత) ఉన్నట్టు. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. పాత యజమాని అకౌంట్ తీసేసి, బాక్సుని రీసెట్ చేయించాకే ఇంటికి తెచ్చుకోండి.