పేషెంట్లు మధ్యలో మానేయకుండా అట్టముక్క చిట్కా

నల్గొండలో చిన్న ఫిజియోథెరపీ సెంటర్ నడుపుతున్నాను. నడుము నొప్పితో వచ్చినవాళ్లు మూడో సిట్టింగ్‌కి కాస్త తగ్గగానే మానేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ నడుము పట్టుకుని వస్తారు. వాళ్లకు ఖర్చు, నాకు ఖాళీ టేబుల్.

ఇప్పుడు మొదటి రోజే అట్టముక్క మీద 6 తేదీలు రాసిస్తున్నాను. టైమ్ నేను చెప్పను. "మీ ఊరి బస్సు ఇక్కడికి ఎన్నింటికి వస్తది?" అని అడిగి, దానికి అరగంట కలిపి రాస్తాను. దేవరకొండ, మునుగోడు వైపు వాళ్లకు పొద్దున 10 నుంచి 1 వరకు, టౌన్ వాళ్లకు సాయంత్రం. అట్ట వెనకాల రెండే ఎక్సర్‌సైజులు, పుల్లబొమ్మలతో. ఒక్కోటి 10 సార్లు, రోజుకు రెండు పూటలు. (ఐదు రాసిచ్చిన రోజుల్లో ఒక్కటి కూడా ఎవరూ చేయలేదు.) ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తాను, మెసేజ్ పెట్టను. మెసేజ్ కొడుకు ఫోన్‌కి పోతుంది, ఆ కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు.

నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఇది పనిచేయదు. ఆ రోజుల్లో వారానికి ఒక్క తేదీ చాలు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, దాని మీద పట్టు తప్పినా మాత్రం అట్ట పక్కన పెట్టి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపండి.