రెండో గ్రూపు లోహాలు – 3వ పాఠం: సున్నపురాయి మళ్లీ సున్నపురాయి అయ్యే దారి

కిందటి పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. చన్నీళ్లలో మెగ్నీషియం దాదాపు కదలకుండా ఉంటుంది, కాల్షియం మాత్రం బుడగలు లేపుతుంది. ఎందుకు? రెండింటికీ బయటి కర్పరంలో ఉన్నవి రెండేసి ఎలక్ట్రాన్లే. కాల్షియంలో అవి కేంద్రకానికి ఇంకో కర్పరం దూరంగా ఉంటాయి కాబట్టి తేలిగ్గా ఊడిపోతాయి. పైగా మెగ్నీషియం మీద నీళ్లలో సరిగా కరగని హైడ్రాక్సైడ్ పొర కమ్ముకుని చర్యను ఆపేస్తుంది. మొదటి కారణం ఒక్కటే రాసినవాళ్లు కూడా మార్కులు వేసుకోండి.

ఇవాళ సున్నం. క్షారమృత్తిక లోహాల్లో, అంటే ఆవర్తన పట్టికలోని ఈ రెండో గ్రూపు లోహాల్లో, ఏదైనా ఒక్కటే నేర్పమంటే నేను ఇదే నేర్పుతాను. పల్నాడులో పిడుగురాళ్ల మీదుగా వెళ్లినవాళ్లకు సున్నపు బట్టీలు కొత్త కాదు. అక్కడ కాల్చే సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేట్. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి అది విడిపోతుంది:

కాల్షియం కార్బనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

ఇక్కడ పరమాణు భారాలతో బరువులు కట్టడం నేర్చుకోండి. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు కలిపి 48, మొత్తం 100. కార్బన్ డయాక్సైడ్ 44. అంటే 100 కిలోల స్వచ్ఛమైన రాయి పూర్తిగా కాలితే మిగిలేది 56 కిలోలు. కాలిన రాయి చూడ్డానికి ఇంచుమించు ముందులాగే ఉంటుంది, చేత్తో ఎత్తితే మాత్రం తేలిక. ఆ తేడా గాలిలో కలిసిపోయిన 44 కిలోలే.

దీన్నే పొడిసున్నం అంటాం. నీళ్లు పోస్తే సలసలా కాగుతూ విచ్చుకుంటుంది. 56 కిలోలు 18 కిలోల నీటిని పట్టుకుని 74 కిలోల తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, అవుతుంది. ఈ పని మీరు ఇంట్లో చేయొద్దు. చిట్లిన సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు.

తడిసున్నాన్ని గోడకు వెల్ల వేశాక ఏం జరుగుతుంది? గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని, నీటిని వదిలేస్తుంది. 74 కిలోలకు 44 కలిపి, 18 తీసేయండి. మళ్లీ 100. గోడ మీద గట్టిపడింది సున్నపురాయే!

ఇప్పుడు ప్రయోగం. తాంబూలంలో వాడే సున్నం చిటికెడు గ్లాసు నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన తేరుకున్నదే సున్నపు తేట. దాన్ని నెమ్మదిగా ఇంకో గ్లాసులోకి వంచి, స్ట్రాతో ఊదండి. పీల్చొద్దు, ఊదడమే. కళ్లద్దాలు పెట్టుకోండి. కాసేపటికి తేట పలచటి మజ్జిగలా తెల్లబడుతుంది. ఆ తెలుపు నీళ్లలో కరగని కాల్షియం కార్బనేట్. కార్బన్ డయాక్సైడ్‌ను ఇంకా బాగా పంపితే ఆ తెలుపు విరిగిపోయి నీళ్లు మళ్లీ తేటపడతాయి, ఎందుకంటే కార్బనేట్ కాస్తా కరిగే బైకార్బనేట్‌గా మారుతుంది. ఆ నీళ్లను మరిగిస్తే తెలుపు తిరిగొస్తుంది. బోరు నీళ్లు కాచే హీటర్ రాడ్డు మీద గట్టిగా పేరుకునే తెల్లటి పొర చాలావరకు ఇదే. నిమ్మరసం వేస్తే బుసబుసా పొంగుతూ కరుగుతుంది, చూడండి.

ఇక గ్రూపులో కిందికి దిగుదాం. బేరియం కార్బనేట్ బాగా విడిపోవాలంటే 1,300 డిగ్రీలు దాటాలి. మెగ్నీషియం కార్బనేట్‌కు సున్నపురాయికన్నా తక్కువ వేడి చాలు. చిన్న మెగ్నీషియం అయాను, అంటే రెండు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువు, తన రెండు ధనావేశాలతో కార్బనేట్‌లోని ఆక్సిజన్‌ను గట్టిగా తన వైపు లాగుతుంది, దాంతో కార్బనేట్ తేలిగ్గా తెగుతుంది. బేరియం అయాను పెద్దది, ఆ లాగుడు తక్కువ. వరుసను బట్టీ పట్టకండి, అయాను సైజు గుర్తుంచుకుంటే వరుస మీరే రాయగలరు.

ఇంటి పని: 84 గ్రాముల మెగ్నీషియం కార్బనేట్ పూర్తిగా విడిపోతే ఎన్ని గ్రాముల ఆక్సైడ్ మిగులుతుంది? మెగ్నీషియం 24గా తీసుకోండి. స్ట్రాన్షియం కార్బనేట్‌ను పై వరుసలో ఎక్కడ పెడతారో కారణంతో రాయండి.

వచ్చే పాఠంలో సల్ఫేట్లు. రైల్వేకోడూరు దగ్గర మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి బేరియం సల్ఫేటే. నీళ్లలో కరిగే బేరియం లవణాలు విషం. అలాంటప్పుడు ఎక్స్‌రేకు ముందు రోగి చేత బేరియం సల్ఫేట్‌ను ఎలా తాగిస్తారో అక్కడ చూద్దాం.