ఇంట్లో పెద్దవాళ్ల యుద్ధకాలపు చిన్నతనాన్ని రికార్డు చేయడం ఎలా?

ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ఇళ్లలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942 నాటికి ఏడెనిమిదేళ్లున్న వాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. మనవలు ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుని "మామ్మా, యుద్ధం గురించి చెప్పు" అంటారు. "ఏటి సెప్పమంతావ్ బాబూ, దీపాలార్పీసేవోళ్లు, బియ్యం దొరికీవి కావు" అంటుందామె. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇలా పాడైన రికార్డింగులు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. అందులో సగానికి సగం మళ్లీ చేయించే అవకాశం లేదు, చెప్పాల్సిన మనిషి పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బోర్లా తిప్పి, ఆమె పక్కన పీట మీద ఉంచండి. వీడియో తీయకూడదు. కెమెరా చూడగానే మామ్మ కొంగు సర్దుకుని, మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, కాఫీ తాగాక మొదలుపెట్టండి. సోఫాలో కూర్చోబెట్టకండి. రోజూ కూరగాయలు తరిగే చోటే కూర్చోనిచ్చి, చేతికి గింజలు తీయాల్సిన చింతపండు ఇవ్వండి. చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది. టీవీ కట్టేయండి. కొడుకులు ఆ గదిలో ఉండకూడదు, తల్లి మాటను దిద్దకుండా ఉండలేరు.

మొదటి ప్రశ్నలో యుద్ధం అన్న మాటే రాకూడదు. నేనైతే "మీ ఇంట్లో కిరసనాయిలు డబ్బా ఎక్కడుండేది?" అని అడుగుతాను. డబ్బా గుర్తొస్తే బుడ్డిదీపం గుర్తొస్తుంది, దాని వెనకే అది ఎందుకు ఖాళీ అయిందో వస్తుంది. బియ్యం, కిరసనాయిలు బర్మా నుంచి వచ్చేవి. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయాక ఆ దారి మూసుకుపోయింది. తర్వాత "మీవాళ్లలో రంగం వెళ్లినవాళ్లున్నారా?" అని అడగండి. రంగూన్‌ను మావాళ్లు రంగం అంటారు. గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడెక్కి రంగూన్‌కు కూలికి పోయిన ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాక వేలమంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. ఆ పిల్లలకు నాన్న ఇల్లు చేరిన రోజే యుద్ధం. దాన్ని అడగాలి.

ఇక అసలు కష్టమైన మెట్టు. అందరూ జారిపడేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

మన పెద్దవాళ్ల మనసులో రెండు చీకట్లు కలిసిపోయి ఉంటాయి. ఒకటి 1942ది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలోని జనం పిల్లాపాపలతో లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. రెండోది 1971ది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగింది. అప్పుడూ దీపాలు ఆర్పారు, కిటికీలకు నల్ల కాగితాలు అంటించారు. మొదటి చీకట్లో పిల్లగా ఉన్న మనిషే రెండో చీకట్లో పిల్లల తల్లి. "బాంబులప్పుడు" అని ఆమె అన్నప్పుడు అది ఏ చీకటో మీకు తెలియదు, ఒక్కోసారి ఆమెకూ తెలియదు.

తేల్చుకోవాలన్న ఆత్రంలో జవాబు మీరే అందించకండి. ఈ తప్పు నేను చేశాను. మా మామ్మ భావ నామ సంవత్సరంలో, అంటే 1934లో పుట్టింది. రెండుసార్లూ విశాఖలోనే ఉంది. రెండుసార్లూ నౌపడాలో దిగి, చిన్న రైలెక్కి పర్లాకిమిడి చేరింది. "కిటికీ అద్దాలు గడగడలాడాయి, మంచం కింద దూరాం" అంటుంటే నేను ఆగలేక "జపానోడు బాంబులేసినప్పుడేగా మామ్మా?" అన్నాను. "ఆఁ, అదే" అంది. అక్కడి నుంచి అంతా జపాన్ మీదే చెప్పుకుంటూ పోయింది. ఇంటికొచ్చి విన్నప్పుడు, మంచం కింద తనతో ఉన్నది మా నాన్న అని, తాత ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకున్నాడని ఆమే చెప్పి ఉంది. అది 1971. మళ్లీ అడిగితే ఆమె నా మాటనే నాకు తిరిగి చెప్పింది. చిన్ననాటి మంచం కింద ఏం జరిగిందో ఇక తెలియదు.

సంవత్సరం అడగకండి, ఒంటిని అడగండి. "అప్పుడు చలా, ఉక్కా?" 1942ది ఏప్రిల్, మామిడికాయల కాలం, బాంబులు పడింది పగలు. 1971ది డిసెంబరు, పొలాల్లో వరి కుప్పలు, పేలుడు వినబడింది అర్ధరాత్రి. "నీ పక్కన ఎవరు పడుకున్నారు?" అనండి. అమ్మ అంటే ఒక యుద్ధం, కొడుకు అంటే ఇంకో యుద్ధం. అడిగి ఊరుకోవాలి. చింతపండు గింజలు నాలుగైదు రాలేదాకా నోరు మెదపకూడదు. ఆ నిశ్శబ్దం భరించలేక మాట్లాడేవాళ్లే ఈ పని చెడగొడతారు.

ముద్రించిన ప్రశ్నల పట్టికతో వచ్చేవాళ్లను చూశాను. పట్టికలో "యుద్ధ ప్రభావం ఏమిటి?" అని ఉంటుంది. ఏ మామ్మా దానికి జవాబు చెప్పలేదు. పట్టిక బదులు వస్తువులు తీసుకెళ్లండి. 1943లో వచ్చిన చిల్లుకాణీ ఒకటి దొరికితే అరచేతిలో పెట్టండి. దారానికి గుచ్చి మొలతాడుకు కట్టుకున్న పిల్లలు ఇంటింటా ఉన్నారు.

సరిచూసుకోవడానికి ఇంకో రెండు గుర్తులు. "కొత్త టైము, పాత టైము" అన్న మాట వస్తే అది కచ్చితంగా 1942 సెప్టెంబరు, 1945 అక్టోబరు మధ్య కాలం. అప్పుడు దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు. "రాజావారు ప్రధాని" అంటే పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి. యుద్ధంలో 1941 నవంబరు నుంచి 1944 దాకా ఆయన ఒడిశా ప్రధాని, ఇప్పటి మాటల్లో ముఖ్యమంత్రి. ఈ గుర్తులు కూడా మీ నోట రాకూడదు, ఆమె నోట వస్తే రాసుకోవాలి.

గంట దాటనివ్వకండి. ఆ రాత్రే విని, ఆమె మాటల్లోనే రాయండి. రంగం అంటే రంగం అనే, కంట్రోలు బియ్యం (రేషను బియ్యం) అంటే కంట్రోలు బియ్యం అనే. ఫైలుకు ఆమె పేరు, ఊరు, తేదీ పెట్టి ఇంకో కాపీ పెన్‌డ్రైవులో దాచండి. వారం తర్వాత మళ్లీ అదే పీట దగ్గరికి వెళ్లండి. రెండోసారికి చింతపండు ఆమే తెచ్చుకుంటుంది.