సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ట్యూబ్ ఫీడింగ్: పొట్ట ఒప్పుకునేలా పెట్టడం ఎలా

పొలమారుతూ, దగ్గుతూ, పూటకి గంటకి పైగా కూర్చుని నాలుగు ముద్దలు తినిపించిన వాళ్లకి, ఆహారం నేరుగా పొట్టలోకి పోయే ట్యూబ్ వేశాక పెద్ద ఊరటే. కానీ ట్యూబ్ తప్పించేది మింగే కష్టాన్ని, అరిగించుకోవాల్సింది ఇంకా ఆ పొట్టే. సెరిబ్రల్ పాల్సీలో (మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తప్పే స్థితి) నోటి కండరాలతో పాటు అన్నవాహిక కింద ఉండే మూత, పొట్ట ఖాళీ అయ్యే వేగం, పేగుల కదలిక కూడా తేడాగా ఉంటాయి, అందుకే చాలామంది పిల్లల్లో పులితేన్పులు, వాంతులు, మలబద్ధకం కనిపిస్తాయి. ఏ ఫీడ్ (ట్యూబ్‌లో పోసే ద్రవాహారం), రోజుకి ఎంత అన్నది మీ డాక్టర్, డైటీషియన్ తేల్చాలి. దాన్ని ఇంట్లో ఎలా పెట్టాలో ఇక్కడ రాస్తున్నా.

ముక్కు ట్యూబ్ అయితే (మనవాళ్లు రైల్స్ ట్యూబ్ అంటారు) ప్రతి ఫీడ్‌కి ముందు అది పొట్టలోనే ఉందో లేదో చూడాల్సిందే. ముక్కు దగ్గర పెట్టిన గుర్తు కదిలిందేమో చూడండి, సిరంజితో కొంచెం ద్రవం లాగి పీహెచ్ స్ట్రిప్ (ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే కాగితం) మీద వేయండి. 5.5 లేదా అంతకంటే తక్కువ వస్తే పొట్టలో ఉన్నట్టు. ఎసిడిటీ మందు వాడే పిల్లల్లో ఎక్కువ రావచ్చు, అప్పుడేం చేయాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వినడాన్ని నమ్ముకోవద్దు, ట్యూబ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. అనుమానం ఉంటే ఫీడ్ ఆపండి, అంతే.

ఇక పెట్టే పద్ధతి. తల, ఛాతీ 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, తల కింద ఒక దిండు పెడితే మెడ ఒక్కటే వంగుతుంది, నడుము నుంచీ ఎత్తు రావాలి. సిరంజి పిస్టన్ తీసేసి, గొట్టాన్ని పిల్లల ఛాతీకి కాస్త పైన పట్టుకుని, ఫీడ్ దానంతట అది దిగేలా చూడండి, ఒక పూట ఫీడ్‌కి 20 నుంచి 30 నిమిషాలు పడితే మంచిదే. పాప ఏడ్చినా, దగ్గినా, కాళ్లు బిగించినా సిరంజిలో మట్టం ఆగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి పైకి ఎక్కుతుంది. అప్పుడు పిస్టన్‌తో తోయకండి. ట్యూబ్ నొక్కిపట్టి, పాప కుదుటపడ్డాక మళ్లీ వదలండి. అయిపోయాక అరగంట నుంచి గంట అదే వాలులో ఉంచాలి, ఫిజియోథెరపీ, స్నానం, డైపర్ మార్చడానికి కాళ్లు పైకెత్తడం అన్నీ ఆ తర్వాతే.

పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తున్నా, పూట తప్పిపోతుందని టెన్షన్ పడి మొత్తం పెట్టేయకండి. పెగ్ ట్యూబ్ (కడుపు మీద చిన్న రంధ్రం చేసి నేరుగా పొట్టలోకి వేసేది) ఉంటే పిస్టన్ లేని సిరంజి తగిలించి పైకి పట్టుకుంటే గాలి బయటికి పోతుంది. ఇది తరచూ అవుతుంటే రోజు మొత్తం ఫీడ్‌ని ఎక్కువ సార్లుగా, కొంచెం కొంచెంగా విడగొట్టడం, రాత్రి ఫీడింగ్ పంపు మిషన్‌తో నెమ్మదిగా ఇవ్వడం, వే ప్రొటీన్ (పాల విరుగుడు తేట నుంచి తీసేది) ఉన్న ఫార్ములాకి మారడం లాంటి దారులు ఉన్నాయి, డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఎముకలు కనిపిస్తున్నాయమ్మా, ఇంకొంచెం పొయ్యి" అంటారు. ట్యూబ్ ఉందని పొట్ట పెద్దదైపోదు. నడవలేని, ఎక్కువ కదలిక లేని పిల్లలకి అదే వయసు పిల్లలకంటే కేలరీలు తక్కువ చాలు, ఒళ్లంతా ఎప్పుడూ మెలికలు తిరిగే పిల్లలకి ఎక్కువ కావాలి. కేలరీలు తగ్గించినా ప్రొటీన్, కాల్షియం, ఐరన్, విటమిన్లు తగ్గకూడదు, ఊరికే నీళ్లు కలిపి పల్చన చేస్తే అవన్నీ తగ్గిపోతాయి. నెలకోసారి బరువు చూసి రాసిపెట్టండి. బరువు మరీ వేగంగా పెరిగితే సంతోషపడకండి, అది కొవ్వే కావచ్చు, ఎత్తుకునే మీ నడుముకీ పాప ఊపిరికీ కూడా అది భారమే.

ఇంటి ఫీడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన ఉత్తరాంధ్రలో చోడి (రాగి) జావ లేని ఇల్లు ఉండదు. 10 గ్రాముల చోడి పిండితో కాచిన జావలో 35 కేలరీల లోపే ఉంటాయి, దాన్నే రోజంతా పోస్తే పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. పిండి పెంచితే చిక్కబడి ట్యూబ్‌లో దిగదు. దీనికి మంచి ఉపాయం మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన చోళ్ల పిండి. మొలకల్లో పుట్టే ఎంజైమ్ పిండిని పల్చబరుస్తుంది. జావ చిక్కగా కాచి, గోరువెచ్చనయ్యాక ఒక చెంచా మొలకల పిండి కలిపి కాసేపు ఉంచితే జారుగా అవుతుంది, తర్వాత మళ్లీ బాగా ఒక పొంగు రానివ్వాలి. ఒక చెంచా నూనె, అంటే 5 మిల్లీలీటర్లు, సుమారు 40 కేలరీలు ఇస్తుంది. నెయ్యి కంటే నూనె నయం, నెయ్యి చల్లారితే ట్యూబ్ లోపల పేరుకుంటుంది. పప్పు, పాలు, గుడ్డు లాంటివి ఏ పాళ్లలో అన్నది డైటీషియన్‌తో రాయించుకోండి. సన్నటి ముక్కు ట్యూబ్‌కి ఇంటి ఫీడ్ తరచూ అడ్డుపడుతుంది, కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు, పెగ్‌కైనా మిక్సీలో మెత్తగా తిప్పి సన్నటి జల్లెడలో వడగట్టాల్సిందే.

వైజాగ్ ఉక్కలో కాచిన ఫీడ్ గంట దాటి బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టినా అదే రోజు వాడేయండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోరు, అందుకే పంపు వాడే ఇంట్లో కూడా సిరంజితో పెట్టడం అందరికీ వచ్చి ఉండాలి, తుఫాను రోజులకి ఫార్ములా పౌడర్, కాచిన నీళ్లు సిద్ధంగా ఉండాలి.

విరేచనం సంగతి పట్టించుకోకపోతే పైన చేసినదంతా వృథా, కిందకి పోకపోతే పొట్ట బిగుసుకుని ఫీడ్ పైకి తంతుంది. చొల్లు కారే పిల్లలకీ, చెమట పట్టే రోజుల్లోనూ నీళ్లు ఇంకా కావాలి. మూత్రం ముదురు రంగులో ఉంటే నీళ్లు చాలడం లేదని అనుకోవచ్చు, ఎంత పెంచాలో అడగండి. అమ్మమ్మలు చెప్పే ఆముదం, షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఈ పిల్లలకి వద్దు. వాంతిలోనో, పొలమారినప్పుడో నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే వచ్చే న్యుమోనియా చాలా మొండిది. లాక్టులోజ్ (విరేచనం మెత్తబరిచే సిరప్) లాంటివి డాక్టర్ రాసిన మోతాదులో వాడండి.

మందులు ఫీడ్‌లో కలపకండి. ఒక్కో మందూ విడిగా ఇచ్చి, మధ్య మధ్యలో నీళ్లు పోయాలి. ఫిట్స్ మందు ఫెనిటోయిన్ అయితే ఫీడ్‌తో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు, ఎంత గ్యాప్ ఇవ్వాలో అడగండి. ట్యూబ్ మూసుకుపోతే పెద్ద సిరంజితో గోరువెచ్చటి నీళ్లు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి, చిన్న సిరంజి వద్దు, దాని ఒత్తిడికి ట్యూబ్ చీలవచ్చు.

నోటితో తినకపోయినా రోజూ పళ్లు తోమాలి, నోట్లో పెరిగిన క్రిములే చొల్లుతో ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ కనిపించినా, పచ్చటి వాంతి అయినా, ఫీడ్ తర్వాత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి, వైజాగ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ అయినా ఇంకేదైనా దగ్గర్లో ఉన్నదానికి. పెగ్ ట్యూబ్ ఊడిపోతే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. కొత్తగా పెట్టినదైతే మీరు తోయకండి, శుభ్రమైన గుడ్డ కప్పి, ఊడిన ట్యూబ్ కూడా పట్టుకుని బయల్దేరండి, దాని సైజు చూస్తే అక్కడ వాళ్లకి పని తొందరగా అవుతుంది.