పూర్ణం బయటికి రాకుండా మెత్తటి బొబ్బట్లు చేయడం ఎలా?

బొబ్బట్టు అట్టముక్కలా వచ్చిందంటే తప్పు పెనానిది కాదు, పై పిండిది. చపాతీకి కలిపినట్టు గట్టిగా కలిపేస్తే, తర్వాత ఎంత నెయ్యి పోసినా మెత్తబడదు. పిండి చేతికి అంటుకునేంత జారుగా ఉండాలి. పూర్ణం కూడా ఇంచుమించు అంతే మెత్తగా ఉండాలి.

12 బొబ్బట్లకి శనగపప్పు 200 గ్రాములు, తురిమిన బెల్లం 200 గ్రాములు, మైదా 200 గ్రాములు, నూనె 4 టేబుల్ స్పూన్లు, 5 యాలకులు, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు, కాల్చడానికి నెయ్యి కావాలి. బెల్లం అనకాపల్లిదైనా, ఇంకెక్కడిదైనా ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా తగిలితే పిండిలో ఉప్పు మానేయండి. మైదా వద్దనుకునేవారు సగం గోధుమపిండి వేసుకోవచ్చు, మెత్తదనం కాస్త తగ్గుతుంది. చోడిపిండి (రాగిపిండి) మాత్రం పావు వంతు దాటనివ్వకండి. దానికి సాగే గుణం లేదు, తట్టేటప్పుడు అంచులు పగులుతాయి.

పప్పు గంటసేపు నానబెట్టి, అది నానుతుండగానే పిండి కలిపేయండి. మైదాలో ఉప్పు, పసుపు వేసి, 130 మిల్లీలీటర్ల దాకా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. మొదట చేతికి జిడ్డుగా అంటుకుంటుంది. కంగారుపడి పొడిపిండి చల్లకండి. 3 స్పూన్ల నూనె వేస్తూ పది నిమిషాలు మర్దించి, మిగిలిన స్పూను పైన పోసి మూతపెట్టి 2 గంటలు వదిలేయండి. చిన్న ముక్క తీసి లాగితే తెగకుండా పొరలా సాగాలి. తెగిందంటే ఇంకో అరగంట ఆగాలి.

నానిన పప్పుని కుక్కర్లో 2 విజిల్స్ రానివ్వండి. గింజని వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి గానీ, కుక్కర్లోనే ముద్దైపోకూడదు. చిల్లుల గిన్నెలో వంచి, పది నిమిషాలు కదపకుండా నీళ్లు ఓడనివ్వండి. ఆ కట్టు పారబోయకండి, మధ్యాహ్నానికి చారు పెట్టుకోవచ్చు. పప్పుని నీళ్లు పోయకుండా మెత్తగా రుబ్బాలి. ఒక్క పలుకు మిగిలినా తట్టేటప్పుడు అదే పిండిని చీల్చుకుని బయటికొస్తుంది.

బెల్లంలో 2 స్పూన్ల నీళ్లు పోసి కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, రుబ్బిన పప్పు కలిపి మధ్యస్థం మంట మీద తిప్పండి. ముందు జావలా పల్చబడుతుంది, భయం లేదు. పది నిమిషాలకి దగ్గరపడి, గరిటె నిలబెడితే పడిపోకుండా నిలుస్తుంది. అప్పుడే యాలకుల పొడి వేసి దించేయండి. చల్లారాక ఇంకా బిగుస్తుంది కాబట్టి పొడిపొడిగా అయ్యేదాకా ఉంచకూడదు. ఒకవేళ అలా అయితే స్పూను పాలు కలపండి, జారుగా ఉంటే మళ్లీ పొయ్యెక్కించండి. పైడితల్లి పండక్కి ఇంటినిండా చుట్టాలుంటే పూర్ణం ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. వాడే ముందు గంటసేపు బయట ఉంచాలి. చల్లటి పూర్ణం బిర్రుగా ఉండి పిండిని చింపేస్తుంది.

పూర్ణం 45 గ్రాముల ఉండలు, పిండి 30 గ్రాముల ఉండలు చేసుకోండి. అంటే పూర్ణమే పెద్దది. అరటాకుని మంట మీద ఒకసారి ఆడిస్తే చిరగదు. దానికి నూనె రాసి పిండిని అరచేతంత తట్టి, మధ్యలో పూర్ణం పెట్టి అంచులు పైకి లాగి మూయాలి. కొసన మిగిలిన పిండిని తుంచేయండి, లేకపోతే ఆ చోట ముద్దగా ఉండిపోతుంది. మూసిన వైపు కిందికి పెట్టి, వేళ్లతో మధ్యనుంచి అంచులకి నెడుతూ పూరీ కన్నా కాస్త మందంగా తట్టండి.

పెనం మధ్యస్థం మంట మీద బాగా కాలాలి. ఆకుతో సహా పెనం మీద బోర్లించి, ఒక్క క్షణం ఆగి ఆకు ఒలిచేయండి. ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర చాలు, చుట్టూ నెయ్యి వేస్తూ తిప్పాలి. మంట మరీ తగ్గిస్తే ఎక్కువసేపు కాలి ఎండిపోతుంది, పెంచితే బయటికొచ్చిన బెల్లం మాడి చేదెక్కుతుంది. ఒక బొబ్బట్టు చిట్లితే పెనాన్ని గుడ్డతో తుడిచాకే తర్వాతది వేయండి.

తీసినవి వేడిమీదే ఒకదానిమీద ఒకటి పేర్చి గుడ్డ కప్పితే ఆ ఆవిరికే మెత్తగా ఉంటాయి. డబ్బాలో మాత్రం పూర్తిగా చల్లారాకే పెట్టాలి. శ్రీకాకుళం తీరం వైపు ఉక్కకి బయట ఒక రోజు మించి ఉంచకండి. కొబ్బరి కోరు కలిపితే ఆ పూటకే.