నలభై దాటిన ఆడవాళ్లలో దిగులు, నీరసం వదలట్లేదా? ముందు ఇవి చూడండి

రెండు వారాలకు పైగా దేని మీదా మనసు పోదు, ఊరికే ఏడుపొస్తుంది, పొద్దున లేస్తూనే ఒళ్లంతా నొప్పులు. "వయసు కదా, టెన్షన్ కదా" అని సర్దిపెట్టుకునేవాళ్లు కొందరు, నేరుగా డిప్రెషన్ మాత్రలతో మొదలుపెట్టేవాళ్లు కొందరు. రెండూ తొందరపాటే. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం పరీక్షల సంగతి పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ముందు రక్తపరీక్ష

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12, షుగర్. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఈ పరీక్షల్నే. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు, కాబట్టి ఫెరిటిన్ విడిగా అడిగి మరీ చేయించండి. థైరాయిడ్ మందు మొదలుపెడితే 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష ఉంటుంది, ఈలోపే పనిచేయలేదని మానేయకండి. రాత్రుళ్లు ఒంట్లోంచి వేడి సెగలు, చెమటలతో మెలకువ వస్తుంటే మెనోపాజ్ దగ్గరపడిందేమో, గైనకాలజిస్ట్‌ను కలవండి.

రిపోర్టులు బాగున్నాయి, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నారు, అయినా అలసట పోవట్లేదు

ఎక్కువమందిని ఏమార్చేది ఇదే. ఎనిమిది గంటలు పడుకున్నా లేచేసరికి తల దిమ్ముగా, నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు, బీపీ మందులు పెంచినా బీపీ దిగదు. "నిద్ర సరిగా పట్టట్లేదు" అని చెబితే నిద్రమాత్ర రాసిస్తారు. అసలు కారణం స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది, ఒక్కోసారి 10 సెకన్లకు పైనే ఊపిరి ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, తెల్లారాక మీకు అదేదీ గుర్తుండదు.

మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో దీని ముప్పు పెరుగుతుంది. అయినా ఎవరికీ తట్టదు, ఎందుకంటే ఈ జబ్బు అనగానే గట్టిగా గురకపెట్టే లావుపాటి మగమనిషే గుర్తొస్తాడు. ఆడవాళ్లు గురక మాట చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, చెప్పేదల్లా దిగులు, నీరసం, నిద్రలేమి. వాళ్లలో ఊపిరి ఆగడం తరచూ కలలొచ్చే నిద్రలో ఎక్కువగా జరుగుతుంది కాబట్టి రాత్రంతటి సగటు తీస్తే అంకె చిన్నగా కనిపిస్తుంది. ఊపిరి ఆగడం, తగ్గడం కలిపి గంటకు 5 సార్ల నుంచే లెక్కలోకి వస్తుంది, 7 అని వస్తే "కొంచెమేలే" అని ఫైలు మూసేయకండి.

పక్కన పడుకునేవాళ్లను అడగండి, లేదంటే ఫోన్‌లో రాత్రంతా రికార్డు పెట్టి ఊపిరి ఆగి ఒక్కసారిగా ఎగశ్వాస తీస్తున్న చప్పుడు ఉందేమో వినండి. అది లేకపోయినా లక్షణాలుంటే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) అడగండి, చాలామందికి ఇంట్లోనే చేస్తారు. కొన్ని నిద్రమాత్రలు గొంతును ఇంకా సడలిస్తాయి, వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. ఈ జబ్బుకి ఇచ్చే సీప్యాప్ మాస్కు (నిద్రలో గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) మొదట్లో చిరాకు పెడుతుంది, సైజు మార్పించుకోండి గానీ మూలన పడేయకండి. అలసట తగ్గింది కదా అని డిప్రెషన్ మందు మీ అంతట మీరు ఆపొద్దు, రెండు వైద్యాలూ కావాల్సి రావచ్చు.

అడ్రినల్ గ్రంథి (కిడ్నీల మీద ఉండే హార్మోన్ గ్రంథి) జబ్బులు లాంటివి అరుదు, మొదటే వాటి వెంట పడక్కర్లేదు.

ఏమీ దొరకలేదు

అయితే డిప్రెషన్ అయ్యుండొచ్చు, ఆ ఒళ్లు నొప్పులు కూడా దానివే కావచ్చు. డాక్టర్‌ చెప్పినట్టు కౌన్సెలింగ్, మందులు మొదలుపెట్టండి, మందు పనితనం తెలియడానికి 4 నుంచి 6 వారాలు ఇవ్వండి. డిప్రెషన్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు కూడా ఎక్కువే, అందుకని బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవడం మానకండి.